మైకు ఒకరిది, మార్కు ఇంకొకరిది: టీవీలో ఫిగర్ స్కేటింగ్ చూసేవాళ్లకు

కాలు జారేది స్కేటర్‌కి, లెక్క జారేది చూసేవాళ్లకి. శీతాకాల ఒలింపిక్స్ జరిగే రోజుల్లో బరంపురంలోనో పర్లాకిమిడిలోనో రాయగడలోనో టీవీ ముందు కూర్చున్న తెలుగువాళ్లింట్లో ఎప్పుడూ ఒకటే సందేహం లేస్తుంది: కిందపడ్డ అమ్మాయికి, తడబడకుండా చేసిన అమ్మాయి కన్నా ఎక్కువ మార్కులు ఎలా వచ్చాయి? ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా అలవాటైన చెవికి 'ట్రిపుల్ లట్జ్', 'డౌన్‌గ్రేడ్' అంటూ ఇంగ్లీషులోనో హిందీలోనో గబగబా సాగిపోయే వ్యాఖ్యానం పెద్దగా సాయం చెయ్యదు. ఐరోపాలో సాయంత్రం 7 గంటలకి మొదలైన పోటీ మనకి రాత్రి 11:30కి వస్తుంది కాబట్టి, నిద్రమత్తు కూడా తోడవుతుంది.

అసలు చిక్కు భాష దగ్గర లేదు. పోటీ అనగానే మనకి టీవీ డాన్స్ షోల పద్ధతి గుర్తొస్తుంది. యాంకర్ పిలుస్తుంది, పిల్లలు ఆడతారు, కుర్చీల్లో కూర్చున్న ముగ్గురు జడ్జీలు నాలుగు మాటలు చెప్పి మార్కు చూపిస్తారు. అక్కడ మాట్లాడేవాళ్లే మార్కు వేసేవాళ్లు. ఫిగర్ స్కేటింగ్‌లో మాట్లాడేవాళ్లకి మార్కుతో సంబంధం లేదు. మార్కు వేసేవాళ్లు నోరు విప్పరు. ఫలితాన్ని అందరికన్నా ఎక్కువ మలుపు తిప్పగల ముగ్గురు మనుషులైతే తెర మీదకే రారు. ఈ మూడు గుంపుల్నీ విడదీసి చూస్తే మిగతా లెక్క దానంతట అదే తేలుతుంది.

గొంతులు ఎవరివి

ఒలింపిక్స్‌లో మనం చూసే దృశ్యాలు ఏ దేశపు చానలువీ కావు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2001లో పెట్టుకున్న ఒలింపిక్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీసెస్ అనే సంస్థ వాటిని తీసి అందరికీ పంచుతుంది. చానళ్లు వాటికి తమ గొంతు కలుపుతాయి. వ్యాఖ్యాత రింకు (స్కేటింగ్ చేసే మంచు మైదానం) పక్కనే ఉండాలని కూడా లేదు. వేల కిలోమీటర్ల దూరంలో స్టూడియోలో మానిటర్ చూస్తూ మాట్లాడటం ఇప్పుడు మామూలే. అంటే చాలాసార్లు ఆ వ్యాఖ్యాతకి కనిపించేది మీకు కనిపించేదే, అంతకన్నా ఏమీ ఎక్కువ కాదు.

మాట్లాడేవాళ్లలో పనులు వేరు. యాంకర్ ఖాళీలు నింపుతారు. ఖాళీలు తక్కువేం ఉండవు. ఒక గుంపులో ఆరుగురు స్కేటర్లు కలిసి ఆరు నిమిషాలు వార్మప్ చేస్తారు, తర్వాత ఒక్కొక్కరుగా దిగుతారు. కొన్ని గుంపులయ్యాక యంత్రంతో మంచు సాపు చేస్తారు. ఇంటర్వ్యూలు, పాత కథలు, పట్టికలు అన్నీ ఆ సమయంలోనే వస్తాయి. ప్రధాన వ్యాఖ్యాత పేరు, దేశం, సంగీతం చెప్పి మాటని విశ్లేషకుడికి అందిస్తారు. విశ్లేషకులు దాదాపు ఎప్పుడూ మాజీ స్కేటర్లే. అమెరికాలో ఎన్‌బీసీ చానలుకి 2014 నుంచి బాగా వినిపించిన జట్టు ఇలాంటిదే. టెరీ గానన్ నడిపిస్తారు, 1998 ఒలింపిక్ విజేత టారా లిపిన్‌స్కీ, మాజీ అమెరికా చాంపియన్ జానీ వీర్ విడమరుస్తారు. వాళ్లకన్నా ముందు ఆ పనికి ఒక తీరు తెచ్చినవాడు డిక్ బటన్. 1948లో, 1952లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి, ఆ తర్వాత దశాబ్దాల పాటు ఏబీసీలో మొహమాటం లేకుండా మాట్లాడాడు. 2025 జనవరిలో పోయాడు.

మంచి విశ్లేషకుడు స్కేటింగ్ సాగుతున్నంతసేపూ తక్కువ మాట్లాడి, రీప్లేలో ఎక్కువ మాట్లాడతాడు. జంపు పేరు చెప్పి ఊరుకునేవాడికన్నా, 'దిగేటప్పుడు పావు చుట్టు తక్కువైంది, దీన్ని మళ్లీ చూస్తారు' అని చెప్పేవాడు మీకు పనికొస్తాడు. అయినా అది అతని అంచనాయే. స్కోరు వచ్చాక 'అన్యాయం' అని వ్యాఖ్యాత అన్నాడంటే, నిర్ణయించిన వీడియో చూసి అన్నాడని అనుకోనక్కర్లేదు.

కనిపించని ముగ్గురు

రింకు పొడవు వైపున, మంచుకి దగ్గరగా తొమ్మిది మంది జడ్జీలు వరసగా కూర్చుంటారు. కెమెరా అప్పుడప్పుడు వాళ్లని చూపిస్తుంది. టెక్నికల్ ప్యానెల్ వేరే. అందులో టెక్నికల్ స్పెషలిస్టు, అసిస్టెంట్ స్పెషలిస్టు, వాళ్ల మీద టెక్నికల్ కంట్రోలర్ ఉంటారు. వీళ్లకి ఇద్దరు సాయం: ఒకరు చెప్పింది కంప్యూటర్లో ఎక్కిస్తారు, ఇంకొకరు ప్రతి విన్యాసాన్నీ వీడియో ముక్కగా కత్తిరించి సిద్ధంగా ఉంచుతారు. ఇది కాక మొత్తం పోటీకి ఒక రిఫరీ ఉంటారు. సమయం, సంగీతం ఆగిపోవడం లాంటివి ఆయన లెక్క.

స్కేటర్ గాలిలోకి లేవగానే స్పెషలిస్టు మైకులో పేరు పలుకుతాడు: ఇది ట్రిపుల్ లట్జ్ (మూడు చుట్ల జంపు), ఇది లెవెల్ 4 స్పిన్ (ఒకే చోట గిరగిరా తిరగడం, లెవెల్ అంటే కష్టపు మెట్టు). అనుమానం వస్తే ముగ్గురిలో ఎవరైనా 'రివ్యూ' అంటారు. స్కేటింగ్ అయిపోయాక ఆ ముక్కల్ని మళ్లీ చూస్తారు. ముగ్గురిలో ఇద్దరు ఏమంటే అదే ఖాయం. స్కేటర్ కోచ్ పక్కన కూర్చుని చెమట తుడుచుకుంటూ, కెమెరాకి చెయ్యి ఊపుతూ ఎదురుచూసే ఆ రెండు మూడు నిమిషాలు వీళ్ల కోసమే. ఆ కూర్చునే చోటుకి 'కిస్ అండ్ క్రై' అని పేరు.

ఈ ముగ్గురూ అందంగా చేశారా లేదా అన్నది చూడరు. ఏం చేశారో మాత్రమే తేలుస్తారు. ఆ విన్యాసానికి పట్టికలో ఒక మూలధర ఉంటుంది. 2018లో వచ్చిన పట్టిక ప్రకారం ట్రిపుల్ జంపుల్లో టో లూప్ 4.20, సాల్కో 4.30, లూప్ 4.90, ఫ్లిప్ 5.30, లట్జ్ 5.90, ఆక్సెల్ 8.00. నాలుగు చుట్లైతే, అంటే క్వాడ్ అయితే, టో లూప్ 9.50 నుంచి లట్జ్ 11.50 దాకా పోతుంది. క్వాడ్ ఆక్సెల్ ధర 12.50. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ ఈ పట్టికల్ని అప్పుడప్పుడు సవరిస్తుంటుంది కాబట్టి కొత్త సీజన్ మొదట్లో ఒకసారి సరిచూసుకోవాలి.

పేర్లు గుర్తుపట్టడానికి ఇంత చాలు. ముందుకి తిరిగి ఎగిరేది ఆక్సెల్ ఒక్కటే. మిగతా అయిదూ వెనక్కి జారుతూ ఎగిరేవి. అందుకే ఆక్సెల్‌కి ఒక అర చుట్టు ఎక్కువ పడుతుంది, ట్రిపుల్ ఆక్సెల్ అంటే నిజానికి మూడున్నర చుట్లు. మిగిలిన అయిదింటిలో టో లూప్, ఫ్లిప్, లట్జ్‌లకు రెండో కాలి బ్లేడు ముందు కొసన ఉండే పళ్లని మంచులో గుచ్చి లేస్తారు. సాల్కో, లూప్‌లకు గుచ్చడం ఉండదు, అంచు మీదే ఒత్తి లేస్తారు.

తగాదా అంతా ఫ్లిప్‌కీ లట్జ్‌కీ మధ్యే. బ్లేడు అడుగున సన్నటి గాడి, దానికి రెండు పక్కలా రెండు అంచులు ఉంటాయి. ఎడమవైపు తిరిగే స్కేటర్ ఎడమ కాలి లోపలి అంచు మీద జారుతూ కుడి కాలితో గుచ్చి లేస్తే ఫ్లిప్. బయటి అంచు మీద జారుతూ లేస్తే లట్జ్. బయటి అంచు శరీరాన్ని ఒక పక్కకి తీసుకెళుతుంటే, జంపు దానికి ఎదురు పక్కకి తిరగాలి. అందుకే కష్టం, అందుకే 60 పైసలు ఎక్కువ అనుకోండి. చాలామంది చివరి క్షణంలో కాలిని లోపలికి వాల్చేస్తారు. మామూలు వేగంలో అది మన కంటికి ఆనదు. ప్యానెల్ కంటికి ఆనితే తప్పు అంచు గుర్తు పడుతుంది, ధర 80 శాతానికి దిగుతుంది. 5.90 కాస్తా 4.72 అవుతుంది. చక్కగా చేసిన ఫ్లిప్‌కి వచ్చే 5.30 కన్నా తక్కువన్నమాట.

చుట్టు తక్కువైతే మూడు మెట్లు. సరిగ్గా పావు చుట్టు తక్కువైతే ధర అలాగే ఉంటుంది, నాణ్యత మార్కు మాత్రం తగ్గించాలి. పావు దాటి అర చుట్టు లోపలైతే 80 శాతం ధర. అర చుట్టు గాని అంతకన్నా ఎక్కువ గాని తక్కువైతే డౌన్‌గ్రేడ్, అంటే ట్రిపుల్‌ని డబుల్ ధరకి కొంటారు. ట్రిపుల్ లట్జ్ 5.90 ఉన్నచోట డబుల్ లట్జ్ 2.10. చూసేవాళ్ల చప్పట్లు ఆగకముందే స్కోరు పడిపోయేది ఇక్కడే.

ఇక్కడొక లోపం దాచకుండా చెప్పుకోవాలి. టీవీ వాళ్లకి రింకు చుట్టూ బోలెడు కెమెరాలు. టెక్నికల్ ప్యానెల్ చూసేది మాత్రం చాలా పోటీల్లో ఒకే కోణం నుంచి తీసిన వీడియో. స్కేటర్ ఆ కెమెరాకి వీపు పెట్టి దూరపు మూలలో దిగితే పావు చుట్టు తేడా కనిపెట్టడం గండమే. టీవీ స్లోమోషన్‌లో మీకు కొట్టొచ్చినట్టు కనిపించిన తప్పు ప్యానెల్ పట్టుకోలేదంటే, కారణం పక్షపాతమే కానక్కర్లేదు. కోణం కావచ్చు. అనుమానం తీరకపోతే స్కేటర్‌కే అనుకూలంగా తేల్చాలన్నది నియమం.

తొమ్మిది మంది వేసేది

మూలధర ఖాయమైన ప్రతి విన్యాసానికీ తొమ్మిది మంది జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా నాణ్యత మార్కు వేస్తారు. 2018 వరకు ఇది మైనస్ 3 నుంచి ప్లస్ 3 మాత్రమే. ఒక్కో అంకె విలువ మూలధరలో పదోవంతు.

ఒక లెక్క కట్టి చూద్దాం. ట్రిపుల్ లట్జ్‌కి తొమ్మిది మంది 3, 3, 2, 4, 3, 2, 3, 5, 3 వేశారు. అన్నిటికన్నా పెద్దది ఒకటి, చిన్నది ఒకటి తీసేస్తారు. అంటే 5 పోయింది, రెండు 2లలో ఒకటి పోయింది. మిగిలిన ఏడింటి మొత్తం 21, సగటు 3. లట్జ్ ధర 5.90 కాబట్టి ఒక్కో అంకెకి 0.59. మూడు అంకెలకి 1.77. మొత్తం 7.67.

ప్లస్ మార్కులు ఇష్టాన్ని బట్టి పడవు. జంపుకి ఆరు గుణాల జాబితా ఉంది: ఎత్తు, దూరం రెండూ బాగుండటం, లేవడం, దిగడం చక్కగా ఉండటం, మొదటి నుంచి చివరి దాకా శ్రమ కనబడకపోవడం, ముందు అడుగులు గాని అనుకోని ప్రవేశం గాని ఉండటం, గాలిలో శరీరం పొందిగ్గా ఉండటం, సంగీతానికి అతకడం. ప్లస్ 4, ప్లస్ 5 రావాలంటే మొదటి మూడూ తప్పనిసరి. మొదట గుణాలు కూడి, తర్వాత తప్పులు తీసేస్తారు. ఎంత అందంగా లేచినా కిందపడితే కథ మారుతుంది.

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాం. క్వాడ్ లట్జ్ చుట్లు పూర్తిచేసి దిగేటప్పుడు పడిపోయాడనుకుందాం. ధర 11.50. నాణ్యత మైనస్ 5, అంటే 5.75 పోయింది. పడినందుకు విడిగా 1 పాయింటు కోత. చేతిలో మిగిలింది 4.75. పక్కవాడు తడబడకుండా ట్రిపుల్ టో లూప్ చేసి, నాణ్యత సున్నా వేయించుకుంటే 4.20. పడ్డవాడిదే పైచెయ్యి. అదే పక్కవాడు ట్రిపుల్ లట్జ్ శుభ్రంగా చేస్తే 5.90, పడ్డవాడు వెనకపడ్డాడు. క్వాడ్‌లో చుట్టు కూడా తగ్గితే ఇంకా ఘోరం: 11.50లో 80 శాతం 9.20, అందులో సగం పోతే 4.60, కోత పోను 3.60. కాబట్టి 'పడ్డాడు గదా, ఎలా గెలిచాడు' అని కాదు, 'ఏం చేస్తూ పడ్డాడు, చుట్లు నిండాయా' అని అడగాలి. పెద్దల విభాగంలో మొదటి రెండు పతనాలకు ఒక్కొక్క పాయింటు, మూడు, నాలుగుకు రెండేసి, అయిదో దాని నుంచి మూడేసి కోస్తారు.

పడకపోయినా సున్నా రావడం దీనికి తలకిందులు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ స్కేటర్ యుజురు హన్యూ షార్ట్ ప్రోగ్రామ్‌లో (పోటీలో మొదటిదైన చిన్న భాగంలో) మొదటి క్వాడ్ సాల్కోకి లేస్తుండగా మంచులో గుంటలాంటి చోట బ్లేడు పడి, ఒక్క చుట్టుతో దిగాడు. పడలేదు. కానీ షార్ట్‌లో ఆ స్థానంలో ఒంటి చుట్టు జంపు చెల్లదు, కాబట్టి వచ్చింది సున్నా. 95.15తో ఎనిమిదో స్థానం. రెండుసార్లు ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు నాలుగో స్థానంతో ముగించడానికి ఆ సున్నా పెద్ద కారణం. ఫ్రీ ప్రోగ్రామ్‌లో (రెండోదైన పొడవు భాగంలో) క్వాడ్ ఆక్సెల్‌కి వెళ్లి పడ్డాడు. చుట్టు తక్కువైనా అది క్వాడ్ ఆక్సెల్‌గానే కాగితం మీదకెక్కింది. దాన్ని మొదటిసారి శుభ్రంగా దింపింది అమెరికా కుర్రాడు ఇలియా మాలినిన్, 2022 సెప్టెంబరులో.

ఇంకో చిన్న మెలిక. అలసిపోయాక చేసిన జంపుకి బోనస్ ఉంది. షార్ట్‌లో రెండో సగంలో చేసిన చివరి జంపుకి, ఫ్రీలో రెండో సగంలోని చివరి మూడింటికి మూలధర 10 శాతం పెరుగుతుంది. స్పిన్‌లకూ అడుగుల వరుసకూ లెవెళ్లు ఉంటాయి. అడుగుల వరుస లెవెల్ 2 అయితే 2.60, లెవెల్ 4 అయితే 3.90. అక్కడ పోయిన 1.30 పాయింట్లు చూసేవాళ్లకి తెలియను కూడా తెలియదు.

ఇంతవరకు చెప్పుకున్నది సాంకేతిక మార్కు. మార్కులో రెండో భాగం కాంపొనెంట్లు. 2022 వరకు అయిదు ఉండేవి, ఇప్పుడు మూడు: కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం. 0.25 నుంచి 10 దాకా, పావు పావుగా వేస్తారు. దాన్ని గుణకంతో హెచ్చిస్తారు: పురుషుల షార్ట్‌కి 1.67, ఫ్రీకి 3.33, మహిళలకి 1.33, 2.67. జంపుల ధరలు పురుషుల్లో ఎక్కువ పోగవుతాయి కాబట్టి కళ వైపు తూకం సరిపెట్టడానికి గుణకాలు వేరుగా పెట్టారు.

పక్షపాతం ఎంత దూరం పోగలదు

ఈ లెక్కల గొడవంతా 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్ నుంచి వచ్చింది. అంతకుముందు 6.0 పద్ధతి, అంటే ఆరుకి మార్కులు వేసేవారు. ఆ మార్కు చివరికి వరుసక్రమంగానే మారేది. ఒక్కో జడ్జి ఎవరిని ఎన్నో స్థానంలో పెట్టాడన్నదే తేల్చేది. ముందు దిగినవాళ్లకి జడ్జీలు మార్కు దాచుకునేవారు, వెనక వచ్చేవాళ్లకి చోటు కావాలి కదా. జంటల పోటీలో రష్యా జంట బెరెజ్‌నయా, సిఖరులిద్జే 5-4 తేడాతో కెనడా జంట సాలే, పెల్టియే మీద గెలిచారు. ఒక్క జడ్జి అటు మొగ్గితే ఫలితం తారుమారు. ఫ్రెంచ్ జడ్జి మీద ఒత్తిడి పనిచేసిందన్న రచ్చ లేచి, కెనడా జంటకి కూడా స్వర్ణం ఇవ్వాల్సి వచ్చింది. ఆ జడ్జిని, ఫ్రెంచ్ సమాఖ్య అధ్యక్షుణ్ణి మూడేళ్లు నిషేధించారు. 2004లో కొత్త పద్ధతి ఖాయమై, 2006 టొరీనో ఒలింపిక్స్‌కి ఎక్కింది.

కొత్త పద్ధతితో పాటు ఒక వింత కూడా తెచ్చారు. ఏ మార్కు ఎవరు వేశారో తెలియకుండా జడ్జీల పేర్లు దాచారు. ఒత్తిడి తగ్గుతుందని వాదన. ఆర్థికవేత్త ఎరిక్ జిట్జ్‌విట్జ్ మార్కుల్ని తవ్వి చూస్తే సొంత దేశం మీద మొగ్గు తగ్గలేదని తేలింది. తలుపు మూస్తే ఒత్తిడి చేసేవాడికి కాదు, అడిగేవాడికే అడ్డం. 2014 సోచీ ఒలింపిక్స్ మహిళల పోటీలో రష్యా స్కేటర్ సోత్నికోవా 224.59తో దక్షిణ కొరియా స్కేటర్ కిమ్ యునా 219.11ని దాటినప్పుడు ఎవరు ఎంత వేశారో ఎవరూ చూపించలేకపోయారు. 2016లో ఆ ముసుగు తీసేశారు. ఇప్పుడు పోటీ అయ్యాక జడ్జీల వారీగా మార్కుల పత్రం బయటికి వస్తుంది.

పెద్దదీ చిన్నదీ తీసెయ్యడం వల్ల మోసం పోతుందా? సగం పోతుంది. పురుషుల ఫ్రీలో ఒక కాంపొనెంట్‌కి ఎనిమిది మంది 8.25, 8.50, 8.50, 8.50, 8.75, 8.75, 8.75, 9.00 వేశారు. తొమ్మిదో జడ్జి న్యాయంగా 8.50 వేస్తే సగటు 8.61. తనవాడని 9.75 వేస్తే, ఆ 9.75 కొట్టుకుపోతుంది. కానీ ఇంతకుముందు కొట్టుకుపోయిన 9.00 ఇప్పుడు లెక్కలోకి వస్తుంది. సగటు 8.68. మూడు కాంపొనెంట్లలోనూ అలాగే చేస్తే 3.33 గుణకంతో దాదాపు 0.7 పాయింటు. మామూలు సగటైతే 1.4 దాకా వచ్చేది. అర పాయింటులో పతకం తేలే రోజు 0.7 చిన్నదేం కాదు. ఇద్దరు జడ్జీలు కలిస్తే కోత ఇంకా బలహీనం. ఎప్పుడూ ఒకే జడ్జి మార్కు పోదు, ప్రతి విన్యాసానికీ, ప్రతి కాంపొనెంట్‌కీ విడివిడిగా తీస్తారు. 'ఆ దేశపు జడ్జిని తీసేశారు' అని వ్యాఖ్యాత అంటే పొరపాటే.

తెర మూలన ఉండే పెట్టె

మీకు ప్రత్యక్షంగా కనిపించేది ఎడమ మూలన ఉండే చిన్న పెట్టె. అందులో పోగవుతున్న సాంకేతిక మార్కు, పక్కన ముందున్నవాడు అదే దశలో ఎంత ఉన్నాడన్నది ఉంటాయి. ప్రతి విన్యాసానికీ ఒక చుక్క: ఆకుపచ్చ అయితే నాణ్యత ప్లస్, ఎరుపు అయితే మైనస్, పసుపు అయితే రివ్యూలో ఉంది. పసుపు చుక్కలు లెక్కపెట్టండి. మూడు పసుపులుంటే పెట్టెలో అంకెని నమ్మొద్దు. ఒక్క డౌన్‌గ్రేడ్‌తోనే నాలుగైదు పాయింట్లు దిగిపోవచ్చు. కాంపొనెంట్లు ఆ పెట్టెలో ఉండవు. చానలు యాంకర్ 'ఆధిక్యంలో ఉన్నాడు' అని అరిచినా సగం మార్కు ఇంకా రాలేదనే అర్థం.

సెలబ్రిటీ షోలు వేరే జాతి

బ్రిటన్‌లో ఐటీవీ 2006లో 'డాన్సింగ్ ఆన్ ఐస్' మొదలుపెట్టింది. మొదటి హోస్టులు ఫిలిప్ స్కోఫీల్డ్, హోలీ విల్లోబీ. 1984 సరయేవో ఒలింపిక్స్‌లో పన్నెండు 6.0లు కొట్టిన జేన్ టొర్విల్, క్రిస్టఫర్ డీన్ మొదట శిక్షకులుగా ఉండి, 2018లో షో తిరిగి వచ్చాక జడ్జీల కుర్చీ ఎక్కారు. కెనడాలో 2009లో సీబీసీ హాకీ ఆటగాళ్లని ఫిగర్ స్కేటర్లతో జతకట్టి 'బ్యాటిల్ ఆఫ్ ది బ్లేడ్స్' పెట్టింది. హోస్టుల్లో ఒకరు కర్ట్ బ్రౌనింగ్, 1988లో గుర్తింపు పొందిన మొదటి క్వాడ్ చేసినవాడు. అమెరికాలో 2010లో ఏబీసీ షోకి డిక్ బటన్ జడ్జి, వెర్నన్ కే హోస్టు.

ఇక్కడ జడ్జి పని మార్కు వెయ్యడంతో ఆగదు, మాట్లాడటం కూడా. హోస్టు పని గడియారాన్ని కాపాడటం: జడ్జి మాట ముగించాలి, ఓటు నంబరు చెప్పాలి, కెమెరా తిరిగేలోగా ప్రకటనకి వెళ్లాలి. మూలధర పట్టిక లేదు, చుట్టు తక్కువైతే ఎవరూ అడగరు. ఇలాంటి షోల్లో జడ్జీల వరుసకీ ప్రేక్షకుల ఓట్ల వరుసకీ పాయింట్లిచ్చి కలపడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆరు జంటలున్నాయనుకోండి. జడ్జీల దగ్గర మొదటివాళ్లకి 6, చివరివాళ్లకి 1. ఓట్లలోనూ అంతే. జడ్జీల్లో మొదటి, ఓట్లలో చివరి జంటకి 7. జడ్జీల్లో చివరి, ఓట్లలో మొదటి జంటకీ 7. సమమైతే ఓట్లదే మాట అని నియమం ఉంటే, సరిగా నిలబడలేనివాడు నిలబడిపోతాడు. జడ్జి ముగ్గురికి 38, 37, 36 వేసినా, 38, 25, 12 వేసినా వరుస మారదు. వాళ్ల కోపమంతా మాటల్లోనే మిగిలిపోతుంది.

మన పోటీల్లో ఇందులో ఏది పనికొస్తుంది

బరంపురం ఠాకురాణీ జాతర రోజుల్లో పులివేషం పోటీకైనా, రాయగడ స్కూల్లో గ్రూప్ డాన్సుకైనా, చక్రాల స్కేట్లు కట్టుకున్న పిల్లల ప్రదర్శనకైనా కమిటీవాళ్లు సాధారణంగా ముగ్గురు జడ్జీల్ని పిలిచి, వందకి మార్కులు వేయించి కూడతారు. చక్రాల స్కేటింగ్‌లో ఆర్టిస్టిక్ విభాగం మనకి పరాయిది కాదు. హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు.

ముగ్గురు జడ్జీలతో పెద్దదీ చిన్నదీ తీసేస్తే మిగిలేది ఒక్కరి మార్కే, కాబట్టి అది పనికిరాదు. అయిదుగురు కావాలి. తేడా చూడండి. ఒక పాపకి పదికి 7, 7.5, 8, 8, 10 వేశారు. ఇంకో పాపకి అందరూ 8 వేశారు. మామూలు సగటులో మొదటి పాపకి 8.10, రెండో పాపకి 8.00. పదికి పది వేసిన ఒక్కరు మొదటి పాపని గెలిపించారు. చివరలు కోస్తే మొదటి పాపకి 7.83, రెండో పాపకి 8.00. నలుగురు చూసిన తీరుకి ఇదే దగ్గర.

కోత పాప మొత్తం మీద కాకుండా అంశం వారీగా చెయ్యాలి: తాళానికి వేరు, కూర్పుకి వేరు, వేషానికి వేరు. పావు మార్కు తేడాతో వెయ్యమని చెప్పండి, సగాలతో వేస్తే సమానాలు ఎక్కువ వస్తాయి. ఒక ఐటమ్ అవగానే చీటీ తీసుకోవాలి. చివరిదాకా జడ్జి దగ్గరే ఉంటే వెనక్కి వెళ్లి దిద్దుతారు, పాత 6.0 రోగం మళ్లీ తగులుతుంది. సమయం దాటిందా, నియమం ప్రకారం ఉండాల్సిన అడుగులు ఉన్నాయా అన్నది జడ్జీల మీద పెట్టకుండా ఇద్దరు వేరే మనుషులకి కాగితం ఇచ్చి కూర్చోబెట్టండి. టెక్నికల్ ప్యానెల్ చేసే పని ఇదే. మైకు పట్టుకున్న యాంకర్‌కి మార్కులు ముందే తెలియనివ్వకూడదు, గొంతు పట్టించేస్తుంది.

చిన్న ఊళ్లలో అందరూ అందరికీ చుట్టాలే. జడ్జి మేనకోడలు దిగిందంటే ఆ ఐటమ్‌కి ఆయన తప్పుకోవాలి. అప్పుడు నలుగురే మిగిలి, కోత తర్వాత ఇద్దరవుతారు. అందుకని ఆరో జడ్జిని ముందే కూర్చోబెట్టుకోవాలి, ఎవరూ తప్పుకోనప్పుడు ఆ చీటీ లెక్కలోకి రాదు. సమానం వస్తే ఏం చెయ్యాలో కూడా ముందే రాసుకోవాలి. స్కేటింగ్‌లో షార్ట్ సమమైతే సాంకేతిక మార్కు ఎక్కువున్నవాళ్లు, ఫ్రీ సమమైతే కాంపొనెంట్లు ఎక్కువున్నవాళ్లు పైన. మొత్తం సమమైతే ఫ్రీలో మెరుగ్గా ఉన్నవాళ్లు. మీరు తాళం అంటారో కూర్పు అంటారో మీ ఇష్టం, అది మొదటి ఐటమ్‌కి ముందే మైకులో చదివించండి.